ఇంగ్లీషు వాక్యానికి తెలుగు పునాది

(సరిహద్దు జిల్లాల తెలుగు తల్లిదండ్రులు, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషాహక్కుల సభలో ఒక న్యాయవాది ఇంగ్లీషు వాక్యనిర్మాణం గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. ఆహ్వానపత్రిక చూచి ఒక పెద్దాయన నన్ను ఆ మాట అడిగారు కూడా. నేను బడిపంతులును కాను. అయితే నా వృత్తి అంతా వాక్యాల మీదనే నడుస్తున్నది. మన పల్లెలనుండి కలెక్టరు కార్యాలయాలకు, విద్యాశాఖకు, భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు వెళ్ళిన ఆర్జీలను ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను. వాటిలో ఎక్కువభాగం చట్టం మనకు వ్యతిరేకంగా ఉండి వీగిపోలేదు. రాసిన వాక్యం ఏమి కోరుతున్నదో ఎదుటివారికి తెలియక, లేదా తెలియనట్లు నటించడానికి వీలు కలిగి, వీగిపోయాయి. అందుచేత ఈ విషయం పంతుళ్ళది ఎంతో నాదీ అంతే.

ఇంకొక కారణం కూడా ఉన్నది. "పిల్లవాడికి ఇంగ్లీషు రావాలంటే తెలుగు మానిపించాలి, రెండూ ఉంటే ఏదీ రాదు" అనే మాట మన ఇండ్లలో వేరూనింది. ఆ నమ్మకంతోనే తెలుగు విభాగాలనుండి పిల్లలను తల్లిదండ్రులే తీసివేస్తున్నారు. పిల్లలు తగ్గారని ప్రభుత్వాలు విభాగాలను మూస్తున్నాయి. నేను మీకు మనవి చేయదలచినది దీనికి సరిగ్గా ఎదురు. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు ఇంగ్లీషు వాక్యం కట్టడం నేర్పడానికి తెలుగు వాక్యంకన్న మంచి పనిముట్టు లేదు. ఊరికే అభిమానంకొద్దీ అంటున్న మాట కాదిది. విప్పి చూపిస్తాను.

మొదట ఒక ఆర్జీ సంగతి. కొన్నేళ్ళ క్రిందట సరిహద్దులోని ఒక ఊరివారు ఇంగ్లీషులో ఆర్జీ పెట్టుకున్నారు. ఊరి పేరూ కార్యాలయం పేరూ ఇక్కడ అవసరం లేదు. అందులోని అసలు వాక్యాన్ని తెలుగులోకి దించితే ఇలా ఉంటుంది: "తెలుగు ఉపాధ్యాయుని నియామకం, పాఠ్యపుస్తకాలు సకాలంలో పంపించవలెనని, తెలుగు విభాగం మూతబడుతున్నందుకు ఎంతో బాధపడుతున్నాము." నెలన్నరకు జవాబు వచ్చింది. పుస్తకాలు పంపించామనీ, ఆర్జీ ముగించామనీ అందులో ఉన్నది. ఊరివారు మండిపడ్డారు. మూడు కోరితే ఒక్కదానికే జవాబా అన్నారు. వాక్యాన్ని మళ్ళీ చూడండి. కోరిక రూపంలో ఉన్నది ఒక్కటే. "నియామకం" అన్నది వట్టి నామవాచకం; ఎవరు, ఎప్పుడు, ఎవరిని నియమించాలి? అది కోరికో, జరిగిన సంగతో, శీర్షికో తెలియదు. మూడవది బాధ. బాధకు అధికారి సానుభూతి చెప్పగలడు గాని ఉత్తర్వు ఇవ్వలేడు. ఆ గుమాస్తాకు మనమీద ప్రేమ లేకపోవచ్చు, కాని తప్పించుకునే దారి చూపించింది మాత్రం మన వాక్యమే.

తరువాత అదే ఆర్జీని తిరిగి రాశాము. "తెలుగు ఉపాధ్యాయుని నియమించవలెననీ, పాఠ్యపుస్తకాలను సకాలంలో పంపించవలెననీ, తెలుగు విభాగాన్ని కొనసాగించవలెననీ కోరుతున్నాము." ఇంగ్లీషులో "వుయ్ రిక్వెస్ట్ యు" అన్న ఒక్క కొమ్మకు "టు అపాయింట్", "టు సప్లై", "టు కంటిన్యూ" అనే మూడు కాయలు. ఈసారి జవాబులో మూడు పేరాలు వచ్చాయి. వారానికి రెండు రోజులు పొరుగు బడినుండి ఒక తెలుగు ఉపాధ్యాయుడు వచ్చే ఏర్పాటు జరిగింది. పుస్తకాలకు తేదీ ఇచ్చారు. విభాగం సంగతి పరిశీలనలో ఉన్నదన్నారు. ఆ పరిశీలన ఎంతకాలం సాగిందో అది వేరే కథ. అయినా మూడింటికీ జవాబు చెప్పక తప్పలేదు.

ఇక్కడ జరిగిన మార్పునే ఇంగ్లీషు వ్యాకరణంలో పారలలిజం అంటారు. సమాంతర నిర్మాణం అని మనం అనుకోవచ్చు. ఒక వాక్యంలో ఒకే పని చేసే భాగాలు ఒకే రూపంలో ఉండాలన్నది దాని సారం. నామవాచకం ప్రక్కన నామవాచకం, క్రియ ప్రక్కన క్రియ, ఉపవాక్యం ప్రక్కన ఉపవాక్యం. రైతుబిడ్డలకు ఇంతకన్న తేలికగా చెప్పవచ్చు. ఒకే కాడికి కట్టిన ఎడ్లు ఒకే ఎత్తున ఉండాలి. ఒకటి ఎద్దు, మరొకటి మేకపోతు అయితే మడక సాగదు.

ఇది ఇంగ్లీషువారి దగ్గర కొత్తగా నేర్వవలసిన విద్య అని పిల్లలు భయపడుతున్నారు. చదువురాని మన అవ్వల నోట ఈ విద్య రోజూ పలుకుతున్నది. "ముందు నుయ్యి, వెనుక గొయ్యి." "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత." "మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు." మొదటి సామెతను "ముందు నుయ్యి, గొయ్యి కూడా వెనుక తవ్వబడి ఉన్నది" అని మార్చి పిల్లలకు చెప్పి చూడండి. పకపకా నవ్వుతారు. ఆ నవ్వే వ్యాకరణం. వరుస చెడిందని చెవికి తెలిసింది, ఎక్కడ చెడిందో కూడా తెలిసింది. ఇక ఆ చెవిని ఇంగ్లీషు వైపు త్రిప్పడమే ఉపాధ్యాయుడు చేయవలసిన పని. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు" అన్నది కూడా ఈ కోవలోదే. అల్పసంఖ్యాక భాషల విషయంలో మన ప్రభుత్వాల విధానాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన వాక్యం నేను ఏ తీర్పులోనూ చదవలేదు.

సామెతలను ప్రక్కన పెట్టి, రోజువారీ మాటను చూద్దాం. "పాలూ పెరుగూ నెయ్యీ తెచ్చాను" అంటాము. ఇంగ్లీషులో "అండ్" అన్న మాట చివరి వస్తువు ముందు ఒక్కసారే వస్తుంది. తెలుగులో ప్రతి వస్తువు చివరి అచ్చూ సాగి, "నేనూ ఈ వరుసలో ఉన్నాను" అని చేయెత్తుతుంది. "పాలూ, పెరుగు, నెయ్యీ" అంటే మధ్యది వెలితిగా వినిపిస్తుంది. ప్రత్యయాలూ అంతే. "ఊరికి, వాడకు, బడి" అని ఆపితే వినేవాడు "బడికి" అని తానే పూరిస్తాడు. వికల్పం చెప్పవలసివస్తే "నేడో రేపో", "నీవైనా నేనైనా", "కన్నడంలో గానీ తెలుగులో గానీ" అని రెండు వైపులా గుర్తు పెడతాము. ఇంగ్లీషులో "ఐదర్", "ఆర్" అనే జంట పదాలు, "నాట్ ఓన్లీ", "బట్ ఆల్సో" అనే జంట పదాలు పిల్లలను ఏడిపిస్తాయి. మొదటిదాని తరువాత ఏ రూపం వచ్చిందో రెండవదాని తరువాత అదే రూపం రావాలన్న సూత్రాన్ని బట్టీపట్టిస్తారు. "వాడు పాడడమే కాక ఆడడం కూడా చేస్తాడు" అన్న పిల్లకు ఆ సూత్రం అప్పటికే వచ్చు. "పాడడమే కాక ఆట కూడా ఆడుతాడు" అన్నప్పుడు కొంత కుంటుతున్నదని కూడా వచ్చు.

ఈ విషయంలో మన ఇరుగుపొరుగు భాషలు మనకు శత్రువులు కావు. మనం పాలూ పెరుగూ అంటాము, కన్నడిగులు హాలూ మొసరూ అంటారు, తమిళులు పాలుం తయిరుం అంటారు. ముగ్గురూ ప్రతి మాటకూ గుర్తు పెట్టేవారే. ఈ దక్షిణాది భాషలన్నీ ఒక కుటుంబానివని ఎల్లిస్ దొర నిరూపించిన వ్యాసం 1816లో మద్రాసులో అచ్చయింది. అది అచ్చయినది ఒక తెలుగు వ్యాకరణానికి పీఠికలో. ఆ వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ తరువాత బళ్ళారి కలెక్టరు అయ్యాడు. అంటే హోసూరు బడిలో తమిళం చదివే తెలుగు పిల్ల, బళ్ళారి బడిలో కన్నడం చదివే తెలుగు పిల్లవాడు ఒకే నియమాన్ని రెండు భాషలలో సాధన చేస్తున్నారన్నమాట. ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల పిల్లలకు, షోలాపూరు చేనేత కుటుంబాల పిల్లలకు ఇంకొక సౌకర్యం ఉన్నది. ఒడియాలో "ఓ", మరాఠీలో "ఆణి" ఇంగ్లీషు "అండ్" లాగానే పదాల మధ్య నిలుస్తాయి. రెండు పద్ధతులూ వారి నాలుకమీద ఉన్నాయి. పొరుగుభాషను మనం ద్వేషించనవసరం లేదని నేను ఎప్పుడూ చెప్పే మాటకు ఇదొక చిన్న సాక్ష్యం.

క్యాంప్‌బెల్ పేరు వచ్చింది గనుక ఒక పక్కమాట. మద్రాసు గవర్నరు మన్రో దేశీయ విద్య స్థితి తెలపవలసిందని కలెక్టర్లను కోరగా, క్యాంప్‌బెల్ 1823లో బళ్ళారి జిల్లామీద నివేదిక పంపాడు. అప్పుడు ఆ జిల్లాలో 533 బడులున్నట్లు లెక్క. వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. రెండు భాషలూ ఎంత దగ్గరగా, ఎంత సమానంగా బ్రతికాయో చూడండి. ఇప్పుడు బళ్ళారిలో తెలుగు బడి అడిగితే అదేదో కొత్త కోరిక అయినట్లు ముఖం పెట్టేవారికి ఈ లెక్క చూపించండి. అయితే ఆ నివేదికలోనే ఆయన ఒక లోపం కూడా ఎత్తి చూపాడు. పిల్లలు పద్యాలను చిలుకల్లా వల్లిస్తున్నారు, వాడుక మాటకు దూరమైన భాష గనుక అర్థం మాత్రం తెలియడం లేదని ఆయన బాధ. రెండు వందల ఏళ్ళ తరువాత మన పిల్లలు ఇంగ్లీషు వ్యాకరణ సూత్రాలను అచ్చంగా అలాగే వల్లిస్తున్నారు. సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అని వాక్యభేదాలు గడగడా చెబుతారు. ఒకదాన్ని మరొకదానిగా మార్చమంటే పరీక్షలో మార్కులు తెచ్చుకుంటారు. తమ ఊరిలో బస్సు ఆగడం లేదని డిపో మేనేజరుకు నాలుగు వాక్యాలు రాయమంటే కలం కదలదు.

మరి మన పిల్లలు ఇంగ్లీషులో ఎక్కడ తడబడుతున్నారు? నా దగ్గరకు వచ్చే కాగితాలను బట్టి చెబుతున్నాను. తెలుగులో "అతడు రైతు" అంటే చాలు, క్రియ అక్కరలేదు. అందుచేత ఇంగ్లీషులో "ఈజ్" జారిపోతుంది. "వచ్చాను" అంటే కర్త క్రియలోనే ఉన్నాడు. అందుచేత "ఐ" జారిపోతుంది. ఇవి చిన్నవి, ఏడాదిలో సర్దుకుంటాయి. అసలు చిక్కు మరొకచోట ఉన్నది. దానిమీద కొంచెం నిలబడదాం.

"పొద్దున లేచి, స్నానం చేసి, సంగటి తిని, బడికి వెళ్ళాను." ఇది చక్కని తెలుగు వాక్యం. లేచి, చేసి, తిని అన్న మూడూ అసమాపక క్రియలు. వాటికి కాలమూ లేదు, పురుషా లేదు. ఆ బరువంతా చివరనున్న "వెళ్ళాను" మోస్తున్నది. వరుస బండ్లు, చివర ఒక్క ఇంజను. ఇంగ్లీషు వాక్యం బండి అలా నడవదు. అక్కడ ప్రతి పెట్టెకూ సొంత ఇంజను. "ఐ గాటప్, బేద్డ్, ఏట్ అండ్ వెంట్ టు స్కూల్." నాలుగు క్రియలూ భూతకాలంలో, నాలుగూ ఒకే ఎత్తున. మన పిల్ల తెలుగు వరుసను యథాతథంగా మోసుకుపోతే ఏమవుతుంది? "గెటింగ్ అప్, బేదింగ్, ఏట్ అండ్ టు గో స్కూల్" అని వస్తుంది. చూచిన పంతులు ఎర్ర సిరాతో కొట్టివేసి "రాంగ్" అని రాస్తాడు. ఎందుకు రాంగో చెప్పడు. చెప్పలేడు కూడా, ఎందుకంటే ఆ పిల్ల ఇంటిభాష వాక్యం ఎలా నడుస్తుందో ఆయనకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లకు రావలసిన ఉపదేశం ఒక్కటే: "నీ వరుస మంచిదే తల్లీ. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు లేచి, చేసి, తిని అన్న మాటలను లేచాను, చేశాను, తిన్నాను అని మార్చుకుని వెళ్ళు." ఒక్క వారం ఈ అభ్యాసం చేయించిన ఉపాధ్యాయులు నాకు తెలుసు. పిల్లల రాతలో తేడా వచ్చిందని వారే చెప్పారు.

ఇదే దారిలో మరొకటి. "బడికి నడుస్తూ వాన పడింది" అంటే ఏ తెలుగు పిల్లయినా "వాన నడిచిందా?" అని నవ్వుతుంది. "నడుస్తుండగా వాన పడింది" అని దిద్దుతుంది. రెండు పనులు చేసేవారు ఒకరే అయితే "తూ", వేరువేరు అయితే "తుండగా" అని తెలుగు రెండు రూపాలు ఉంచుకున్నది. ఇంగ్లీషులో "వాకింగ్ టు స్కూల్" అని మొదలుపెట్టి "ది రెయిన్ ఫెల్" అని ముగించేవారు చదువుకున్నవారిలోనూ కనిపిస్తారు. నేను చదివిన ఇంగ్లీషు ప్రమాణ పత్రాలలో ఇటువంటివి కోకొల్లలు. తెలుగు చెవి పనిచేస్తే ఆ తప్పు జరగదు.

ఇక చట్టం వైపు వస్తాను. వాక్యంలో వరుస కుదరకపోతే ఎంత మూల్యం చెల్లించవలసివస్తుందో అమెరికాలో జరిగిన ఒక వ్యాజ్యం చూపిస్తుంది. మెయిన్ అనే రాష్ట్రంలో ఓవర్‌టైం కూలి ఎవరికి చెల్లించనక్కరలేదో చెప్పే చట్టవాక్యం ఒకటి ఉండేది. ఆహారపదార్థాలను డబ్బాలలో నింపడం, శుద్ధి చేయడం, నిలువ చేయడం, ఎండబెట్టడం ఇలా పనుల పట్టిక వేసి, చివరన "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని ఉన్నది. మధ్యలో కామా లేదు. ఓక్‌హర్స్ట్ డెయిరీ పాలు చేరవేసే డ్రైవర్లు ఓవర్‌టైం కోసం దావా వేశారు. పంపిణీ అన్నది పట్టికలో వేరే పని, డ్రైవర్లు చేసేది పంపిణీ గనుక కూలి రాదని సంస్థ వాదించింది. డ్రైవర్ల న్యాయవాదులు వాక్యాన్ని విప్పి చూపారు. పట్టికలోని పనులన్నీ "ఇంగ్" రూపంలో ఉన్నాయి, షిప్‌మెంట్, డిస్ట్రిబ్యూషన్ మాత్రం అలా లేవు, కనుక ఆ రెండూ ఒకదానికొకటి జత, రెండూ ప్యాకింగ్ అన్న మాటకు లోబడినవి. పంపిణీ కోసం సర్దడం అని అర్థం గాని పంపిణీ చేయడం అని కాదన్నారు. 2017 మార్చిలో అప్పీలు న్యాయస్థానం వాక్యం సందిగ్ధంగా ఉన్నదనీ, అటువంటప్పుడు వేతన చట్టాన్ని కార్మికులకు అనుకూలంగా చదవాలనీ తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది ఆ సంస్థ 50 లక్షల డాలర్లకు రాజీ చేసుకున్నది. తీర్పు తరువాత శాసనసభ ఆ వాక్యాన్ని దిద్ది, "డిస్ట్రిబ్యూషన్"ను "డిస్ట్రిబ్యూటింగ్" చేసింది. పత్రికలు దీన్ని కామా కథగా చెప్పుకున్నాయి. నా దృష్టిలో ఇది వరుస కథ కూడా. అదే వాక్యం తెలుగులో రాసి ఉంటే ఈ వ్యాజ్యమే పుట్టేది కాదు. "ఎగుమతికో పంపిణీకో సర్దడం" అని రాయాలి, లేదా "ఎగుమతికి సర్దడమో పంపిణీ చేయడమో" అని రాయాలి. ప్రతి మాటకూ ప్రత్యయం తగిలించక తప్పని భాష గనుక ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

మన రాజ్యాంగంలోనే చూడండి. 29వ అధికరణంలో తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు చెప్పారు. ఆ మూడు నామవాచకాల మధ్యనున్న పదం "ఆర్", "అండ్" కాదు. భాష గాని, లిపి గాని, సంస్కృతి గాని ప్రత్యేకంగా ఉంటే చాలు. మనలో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, తెలుగు లిపి మాత్రం చదవలేరు. "మీకు రాయడమే రాదు, మీరేమి తెలుగువారు?" అని ఎవరైనా అంటే ఆ చిన్న "ఆర్" చూపించండి.

30వ అధికరణంలో మతం వల్లగాని భాష వల్లగాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకోవచ్చునన్నారు. "ఎస్టాబ్లిష్", "అడ్మినిస్టర్" అన్న రెండు క్రియలను "అండ్" కలుపుతున్నది. ఆ రెండింటినీ కలిపే చదవాలని, స్థాపించినవారికే నిర్వహించే హక్కు అని సుప్రీంకోర్టు 1967లో అజీజ్ బాషా కేసులో చెప్పింది. చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ అల్పసంఖ్యాకులది కాజాలదన్న ఆ తీర్పులోని దృష్టిని 2024 నవంబరు 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురు, ముగ్గురుగా చీలి, మెజారిటీతో త్రోసిపుచ్చింది. రెండు క్రియలను జతగా చదవాలన్నది మాత్రం నిలిచింది. సంఘం పెట్టి బడి నడపాలనుకునే మనవారు స్థాపన పత్రంలోని మొదటి వాక్యాన్ని ఎంత జాగ్రత్తగా రాయాలో దీన్నిబట్టి గ్రహించండి. ఎవరు, ఎవరికోసం స్థాపించారన్నది అక్కడే తేలిపోవాలి. ఈ హక్కుకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రాన్నే లెక్కకు తీసుకొని ఎవరు అల్పసంఖ్యాకులో చూడాలని 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తులు చెప్పారు గనుకనే తమిళనాడులోను, కర్ణాటకలోను మనకు ఆ హోదా ఉన్నది.

1956లో ఏడవ సవరణతో చేరిన 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రానిదీ, రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థదీ అన్నది. ఇంగ్లీషు మూలంలో "ఆఫ్ ఎవ్రీ" అన్న మాటలు రెండుసార్లు వచ్చాయి. తెలుగులో "దీ, దీ" అన్నట్లే. రాసినవారు ఊరికే రెండుసార్లు రాయలేదు. పంచాయతీవారు "ఇది రాష్ట్రప్రభుత్వం పని" అని తప్పుకోబోతే ఆ రెండవ "ఆఫ్ ఎవ్రీ" మీద వేలు పెట్టి చూపవచ్చు. నేను పెట్టి చూపాను. ఈ వాక్యంలో మనకు చేదైన మాటలు కూడా ఉన్నాయి. ప్రయత్నం అన్నారు గాని విధి అనలేదు. ప్రాథమిక దశ అన్నారు గాని ఉన్నత పాఠశాల అనలేదు. మన పోరాటం ఆరవ తరగతి దగ్గర ఎందుకు బరువెక్కుతున్నదో ఆ ఒక్క పదం చెబుతుంది. తమిళనాడు 2006లో తెచ్చిన తమిళాభ్యసన చట్టం ఒకటవ తరగతితో మొదలై ఏటా ఒక మెట్టు ఎక్కుతూ పదవ తరగతికి చేరినప్పుడు మన పిల్లల పరీక్షల విషయమై కోర్టులకు వెళ్ళవలసివచ్చిన సంగతి ఇక్కడున్న తల్లిదండ్రులకు నేను చెప్పనవసరం లేదు.

మన ఉద్యమంలో ఇంగ్లీషు పేరెత్తితే కోపగించే మిత్రులున్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. వారికి గిడుగు రామమూర్తి పంతులుగారిని గుర్తు చేస్తాను. ఆయన పనిచేసిన ఊరు పర్లాకిమిడి. 1936లో ఒరిస్సా ఏర్పడి ఆ ఊరు అందులో చేరగా ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. సరిహద్దు గీత ఒక తెలుగు కుటుంబాన్ని ఏమి చేస్తుందో ఆయనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? అయినా ఆయన ఒక్క తెలుగుతో ఆగలేదు. కొండల్లోని సవరల భాష నేర్చి, ఆ పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించి, 1931లో ఇంగ్లీషులో సవర భాషా వ్యాకరణం వెలువరించారు. బిడ్డ నోటనున్న మాటతో చదువు మొదలుపెట్టాలన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. ఆ మాట తెలుగు బోధనకు వర్తించినట్లే ఇంగ్లీషు బోధనకూ వర్తిస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో చేయవలసినది పెద్ద పని కాదు. పిల్లలచేత ముందు తెలుగులో చెప్పించండి, రాయడం రాకపోతే నోటితోనే. మొన్న ఒక పిల్ల "మా అమ్మ పాలు పిండుతుంది, పూలు కోస్తుంది, సంతకు వెళ్తుంది" అన్నది. క్రియలను ఒకదాని క్రింద ఒకటి నిలువుగా రాయించాను. పిండుతుంది, కోస్తుంది, వెళ్తుంది. తోకలు కలిశాయి. ఆ పిల్ల ఇంగ్లీషులో రాసిన మూడింటినీ ప్రక్కన నిలువుగా రాయించాను. మిల్క్స్, ప్లకింగ్, టు గో. తోకలు కలవలేదు. నేను నోరు విప్పకముందే వెనుకబల్లనుండి ఒక అబ్బాయి "ప్లక్స్, గోస్" అన్నాడు. తెలుగు "తుంది" మూడుసార్లు వస్తే ఇంగ్లీషు "ఎస్" మూడుసార్లు రావాలని వాడు కనిపెట్టాడు. ఏ వ్యాకరణ పుస్తకంలోనూ ఆ సూత్రం అలా ఉండదు. వారానికి రెండు పీరియడ్లు ఇటువంటి నిలువు వరుసలకు కేటాయించండి. ప్రతి పాఠానికీ అక్కరలేదు.

తల్లిదండ్రులు చేయవలసినది ఇంకా తక్కువ. ఇంట్లో మీ తెలుగు మీరు నిండుగా, తెంపకుండా మాట్లాడండి. "స్కూల్ గో, మిల్క్ డ్రింక్" అన్న రెండు మాటల ఇంగ్లీషు బిడ్డకు వాక్యం నేర్పదు. పడుకోబోయే ముందు అవ్వ చెప్పే కథలో వందల వాక్యాలు ఉంటాయి. సంఘాల పెద్దలకు కూడా ఒక విన్నపం. మన మహాజరులలో "కోటానుకోట్ల తెలుగువారి గుండెచప్పుడు" వంటివి మొదటి పుటంతా ఆక్రమిస్తున్నాయి. కోరిక రెండవ పుట అడుగున ఉంటున్నది. కోరికను మొదటి పుటకు తెండి.

భోజనాల తరువాత ఇక్కడే, ఈ నల్లబల్ల మీద, మూడు ఊళ్ళవారు తెచ్చిన ఆర్జీలను పిల్లలచేతనే తిరిగి రాయిద్దాం. ఒక ఊరివారిది తెలుగు ఉపాధ్యాయుడి ఖాళీ గురించి, ఒకరిది పుస్తకాల గురించి, ఒకరిది ఆరవ తరగతి తెలుగు విభాగం గురించి. తెలుగు ప్రతి ఎడమవైపు, ఇంగ్లీషు ప్రతి కుడివైపు. పిల్లలు నోటుపుస్తకాలు, కలాలు దగ్గర పెట్టుకోండి. సంతకాలు చేయవలసిన పెద్దలు సాయంత్రం నాలుగు గంటల వరకు ఉండండి, సోమవారం ఉదయానికి అవి కార్యాలయంలో అందాలి.